పెద్దమ్మ నిద్రబండి

మా పెదనాన్న దర్జీ. ఆయన నిద్ర గురించి మా కుటుంబంలో ఉన్నన్ని కథలు ఆయన కుట్టిన బట్టల గురించి లేవు. ఒకసారి చొక్కా కొలతలు తీసుకుంటూ, టేపు ఎదుటి మనిషి మెడ చుట్టూ ఉండగానే, నిలబడి కునుకు తీశాడు. ఆ వచ్చినవాడు మొహమాటస్తుడు కాబోలు, లేపలేక, టేపు తీసుకోలేక, అద్దంలో తనని తాను చూసుకుంటూ అలాగే నిలబడ్డాడట. మిషను మీద నిద్రపోతే ఇంకా ప్రమాదం. తల వాలిపోయినా కాళ్ళు తొక్కుతూనే ఉంటాయి. ఒక పెద్దాయన ప్యాంటు జేబు అలాగే పూర్తిగా మూసుకుపోయింది. ఆయన అందులో చెయ్యి పెట్టబోయి, పెట్టబోయి, చివరికి నవ్వేసి ఊరుకున్నాడు. పెదనాన్న మంచివాడు, పనిమంతుడు, కానీ ఆయన మెలకువగా ఉన్నాడంటే నమ్మేవాళ్ళు మా వీధిలో ఎవరూ లేరు.

అదే ఇంట్లో, అదే మంచం మీద, మా పెద్దమ్మకి కంటి మీద కునుకు ఉండేది కాదు. ఆయన దిండు మీద తల పెట్టడం, గుర్రు మొదలవడం ఒకేసారి జరిగేవి. ఆవిడ పైకప్పు చూస్తూ పడుకునేది. ఆయన్ని చూస్తే నాకు ఒళ్ళు మండేది. పెద్దమ్మ గోరువెచ్చని పాలు తాగి చూసింది, సాయంత్రాలు నడిచి చూసింది. డాక్టరు రాసిచ్చిన మాత్రలు వేసుకుంటే మర్నాడంతా తల దిమ్ముగా ఉంటోందని మానేసింది. చూస్తుండగానే చిక్కి సగమైంది. పొయ్యి మీద ఖాళీ గిన్నె పెట్టి మంట వెలిగించి, ఏం వండాలనుకుందో గుర్తు రాక అలా నిలబడిపోయేది. ఒకరోజు మెట్ల మీద తూలి పడి నుదురు చిట్లింది. డాక్టరు కట్టు కట్టి, పెదనాన్నను పక్కకి పిలిచి, ఈవిడ ఇలాగే నిద్ర లేకుండా ఉంటే గుండె ఎన్నాళ్ళో తట్టుకోదని చెప్పాడు. ఆ రోజు ఆయన షాపు తెరవలేదు. మా ఇంటికొచ్చి, వరండా మెట్టు మీద కూర్చుని, "నాకు భయంగా ఉందే అమ్మాయ్" అన్నాడు. ఆయన నోట ఆ మాట నేను అంతకుముందు వినలేదు.

దారి చూపించింది బస్సు. మా అక్క, అంటే వాళ్ళ ఒక్కగానొక్క కూతురు, రెండూళ్ళ అవతల కాపురం ఉంటుంది. అక్కను చూసొద్దామని ఇద్దరూ బయల్దేరారు. బస్సు ఊరు దాటిందో లేదో, పెద్దమ్మ తల కిటికీకి ఆనింది. ఇన్నేళ్ళుగా బస్సెక్కగానే ముందు నిద్రపోయేది పెదనాన్నే కాబట్టి, పక్కన ఆవిడ ఏం చేస్తుందో ఆయనకి తెలియదు. ఈసారి భయం ఆయన్ని నిద్రపోనివ్వలేదు. నుదుటి ముడతలు విడిపోయి, నోరు కొంచెం తెరుచుకుని, ఒళ్ళు తెలియకుండా పడుకున్న పెద్దమ్మను దారి పొడుగునా చూస్తూ కూర్చున్నాడు. "చిన్నపిల్లలా అయిపోయిందే" అన్నాడు నాతో. తిరిగి వచ్చేటప్పుడూ అంతే. బస్సు దిగి ఇంట్లో అడుగుపెట్టాక మళ్ళీ పైకప్పే.

ఇక అప్పట్నుంచి ఇద్దరూ పనీ పాటా లేకుండా బస్సులెక్కడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం షాపు మూసేసి, ఏది ముందొస్తే అదెక్కి, చివరిదాకా వెళ్ళి, దాంట్లోనే వెనక్కి వచ్చేవారు.

"ఎక్కడ దిగుతారండీ?" అని కండక్టరు అడిగితే, "ఎక్కడా దిగం బాబూ. తిప్పి తెచ్చి ఇక్కడే వదిలెయ్" అన్నాడట పెదనాన్న.

కానీ కూర్చుని పడుకోవడంతో పెద్దమ్మకి మెడ పట్టేసింది. రద్దీ రోజుల్లో సీటు దొరక్క కమ్మీ పట్టుకుని నిలబడాల్సి వచ్చేది. "నిలబడి నిద్రపోవడం మీకు వచ్చినట్టు నాకెలా వస్తుందండీ?" అంది ఆవిడ. ఆ మాటకి పెదనాన్న నవ్వలేదు. ఏదో ఆలోచనలో పడ్డాడు. ఆయన ఆలోచనలో పడ్డాడంటే నిద్రలో పడ్డాడని అర్థం కాబట్టి, మేమెవరం పట్టించుకోలేదు.

మరుసటి వారం వాళ్ళ పెరట్లో ఒక పికప్ బండి నిలబడి ఉంది. మొక్కల నర్సరీవాళ్ళు ఏళ్ళ తరబడి వాడి వదిలేసింది. ముందు బంపర్ ఒక పక్కకి వాలి ఉంది. వెనక తొట్టి మూలల్లో పేరుకున్న మట్టిలో ఏవో గింజలు మొలకెత్తి, లేత ఆకులు వేసి ఉన్నాయి. పెద్దమ్మ వాటిని చెంచాతో పెకలించి ఖాళీ డబ్బాల్లో నాటుతోంది. నేను నోరెళ్ళబెట్టాను.

"పెదనాన్నా, ఇది ఎవరు నడుపుతారు?"

"నేను. కుర్రతనంలో బట్టల మిల్లు వ్యాను నడిపానుగా. లైసెన్సు ఎప్పటికప్పుడు కొత్తది చేయించుకుంటూనే ఉన్నాను."

"నువ్వు నడిపితే పెద్దమ్మ ఒక్కతే కాదు, ఇద్దరూ నిద్రపోతారు" అన్నాను నిష్ఠూరంగా.

నా అనుమానం తప్పని ఒప్పుకోవాలి. స్టీరింగు ముందు కూర్చుంటే ఆయన వేరే మనిషి. వీపు నిటారుగా, కళ్ళు ఇంతింత చేసుకుని, ఎదురుగా మేక కనిపించినా హారన్ కొట్టేవాడు. "భయమే" అన్నాడు, తనకి తానే సర్దిచెప్పుకుంటున్నట్టు. "భయం ఉన్నచోట నిద్ర రాదే."

బండికి ఖర్చుపెట్టాక చేతిలో పెద్దగా ఏమీ మిగల్లేదు. కాబట్టి పనంతా పెరట్లోనే, దొరికినవాటితోనే. ఎదురింట్లో ఉండే మెకానిక్ బస్సు డిపోలో చేసి మానుకున్నవాడు. ఇంట్లో ఊరికే కూర్చుంటే భార్య కూరగాయలు తరగమంటోందని, పిలవకుండానే వచ్చేశాడు. బండి కింద దూరి, అన్నీ తడిమి చూసి, బయటికొచ్చాడు.

"మాస్టారూ, ఇది సరుకు బండి. బరువుంటేనే బుద్ధిగా నడుస్తుంది. ఖాళీగా ఉంటే ఎగిరెగిరి పడుతుంది. కమాన్ కట్టలో రెండు పట్టీలు తీసేద్దాం, మెత్తబడుతుంది. అమ్మగారు మొక్కల కుండీలంత బరువు ఉండరు కదా."

ఇరుసు మీద బండి బరువును మోసే ఆ వంపు ఇనప పట్టీల కట్టను విప్పి, రెండు తీసి, మళ్ళీ బిగించేసరికి వాళ్ళిద్దరి చేతులూ మోచేతుల దాకా నల్లబడ్డాయి. తొట్టి తుప్పు గరుకు కాగితంతో గీకి, ఎర్ర ఆక్సైడ్ పూశారు. తొట్టి మీద కట్టబోయే పడకగదికి పక్క కిటికీలు పాత బస్సులు విడగొట్టేచోట దొరికాయి. సోఫాలు కుట్టే షాపువాళ్ళు పారేసిన ఫోము ముక్కలు బస్తాడు తెచ్చి, ముక్కకి ముక్క కలిపి పరుపు కుట్టాడు పెదనాన్న. ఆ రోజుల్లో ఆయన మిషను మీద ఒక్కసారి కూడా తూగలేదని పెద్దమ్మే నాతో ఆశ్చర్యంగా చెప్పింది.

తొట్టి మీద గది నిలబెట్టడానికి ఇనప గొట్టాలతో చట్రం కావాలి. పెదనాన్న దానికి అట్టతో నమూనా కత్తిరించి, దర్జీ సుద్దతో గొట్టాల మీద గీతలు గీసి, వెల్డింగు అతనికి ఇచ్చాడు. చట్రం తయారై వచ్చింది. నలుగురం ఎత్తి తొట్టిలో దింపబోతే దిగలేదు. ఇటు తిప్పాం, అటు తిప్పాం. అన్ని వైపులా రెండేసి వేళ్ళు ఎక్కువ.

"మీరు గీసిన గీత మీదే కోశానండి మాస్టారూ" అన్నాడు వెల్డింగు అతను, తప్పు తన మీదకి వస్తుందని ముందే.

పెదనాన్న టేపు తీసి తొట్టి కొలిచాడు. అట్ట కొలిచాడు. తర్వాత టేపు మెడలో వేసుకున్నాడు.

"కుట్టుకి వదిలాను" అన్నాడు నెమ్మదిగా.

"ఇనుముకి కుట్టేంటండీ?"

"చెయ్యి అలవాటు. ఏది కొలిచినా, లోపలికి మడిచి కుట్టడానికి కాస్త వదలకుండా కత్తెర కదలదు నాకు."

మెకానిక్ నవ్వలేక నేల మీద కూర్చుండిపోయాడు. కోసి మళ్ళీ అతికితే అదనపు ఖర్చు. అందుకని చట్రాన్ని తొట్టి లోపల కాకుండా, గోడల పైన టోపీ పెట్టినట్టు పెట్టి బిగించేశారు. అనుకున్నదానికంటే గది కాస్త విశాలమైంది. పెద్దమ్మ ఎక్కి, ఇటూ అటూ దొర్లి చూసి, "ఇన్నాళ్ళకి మీ పొరపాటు ఒకటి నాకు కలిసొచ్చింది" అంది.

పైకప్పు టార్పాలిన్ ఆయనే కుట్టాడు. పచ్చటిది. మధ్యాహ్నం ఎండ దాని మీద పడితే లోపలంతా పచ్చటి వెలుతురు, చెరువు అడుగున పడుకుని పైకి చూస్తున్నట్టు. గాలికి గుడ్డ కొంచెం పొంగి, కొంచెం దిగేది. ఒకరోజు ఎలా ఉందో చూద్దామని ఎక్కి పడుకున్నాను. బయట మెకానిక్ సుత్తి చప్పుడు ఎక్కడో పక్క ఊళ్ళో వినిపిస్తున్నట్టుంది. పెద్దమ్మ ఎవరితోనో మాట్లాడుతోంది, మాటలు తెలియడం లేదు, గొంతు మాత్రం తెలుస్తోంది. నేను మళ్ళీ కళ్ళు తెరిచేసరికి పచ్చ వెలుతురు నీలమైపోయింది, నా చెంప మీద పరుపు కుట్ల అచ్చు పడింది. అంత నిద్ర నేను ఎప్పుడూ పోలేదు. పెదనాన్న నా చెంప చూసి, వంగి, ఆ గళ్ళను వేలితో తడిమి, కొత్త కోటు వేసుకున్నంత సంతోషపడ్డాడు.

ఆ సంతోషంలో ఆయన ఆగాల్సినచోట ఆగలేదు. లోపలి గోడలన్నిటికీ దూది కూరిన అస్తరు కుట్టాడు. గొట్టాలకి గుడ్డ చుట్టాడు. తలుపు సందులకి పట్టీలు వేశాడు. డ్రైవరు క్యాబిన్ వెనక ఉండే అద్దం నుంచి వెలుతురు పడుతుందని, దానికి కూడా మందపాటి తెర, అంచుకి పైపింగు వేసి మరీ బిగించాడు. తలుపు మూస్తే లోపల మన ఊపిరి మనకి వినిపించేది.

మొదటి ప్రయాణానికి వీధంతా వచ్చింది. ఊరి బయట రోడ్డు నేరుగా వెళ్తుంది, రెండు పక్కలా పొలాలు. పెదనాన్న చాలాదూరం వెళ్ళి, అంతే నెమ్మదిగా తిరిగొచ్చాడు. వెనక తలుపు తీశాడు.

"హాయిగా ఉందండీ. బాగా పడుకున్నాను" అంది పెద్దమ్మ.

ఆయన ఆవిడ చెంప చూశాడు. నున్నగా ఉంది. ఒక్క కుట్టు అచ్చు కూడా లేదు. చెయ్యి పట్టుకుని కిందికి దించాడు. ఆయన బాధపడతాడని ఆవిడ అబద్ధమాడింది, ఆవిడ బాధపడుతుందని ఆయన నమ్మినట్టు ఊరుకున్నాడు. వాళ్ళ మధ్య నిలబడి ఇదంతా చూడడం నా వల్ల కాలేదు, ఏదో పని ఉన్నట్టు ఇంట్లోకి వెళ్ళిపోయాను.

ఆ తర్వాత ఎన్నిసార్లు తిప్పినా అంతే. పెద్దమ్మ కళ్ళ కింద నలుపు ముదిరింది. నడుస్తూ నడుస్తూ గోడ పట్టుకునేది. మెకానిక్‌కి ఒక ఊహ వచ్చింది. "బస్సులో ప్రతి రేకూ మోగుతుంది మాస్టారూ. అమ్మగారికి చప్పుడు కావాలేమో." సరే అని బోల్టులు వదులు చేశారు. ఒక రేకు డబ్బాలో మేకులు పోసి తొట్టి కింద కట్టారు. ఆ రోజు పెద్దమ్మ రెండు చేతులతో చెవులు మూసుకుని తిరిగొచ్చింది.

పెదనాన్న డీలాపడిపోయాడు. మర్నాడు బండెక్కి, చిన్న కత్తెరతో అస్తరు కుట్లు ఒక్కొక్కటే విప్పుతూ కూర్చున్నాడు. తాను కుట్టింది తానే విప్పడం దర్జీకి ఎంత కష్టమో ఆయన మొహంలో చూశాను. గోడల అస్తరు తీశాడు. గొట్టాల గుడ్డ తీశాడు. అద్దం మీది తెర తీసి మడత పెట్టాడు. మేకుల డబ్బా విప్పేసి, బోల్టులు మళ్ళీ బిగించాడు. "ఇక దీన్ని అమ్మేస్తాను. ఒకసారి అమ్మాయిని చూసొచ్చి అమ్మేస్తాను" అన్నాడు.

ఆ ప్రయాణంలో, ఊరి చివర వంతెన రాకముందే, పెద్దమ్మ నిద్రపోయింది.

అక్క ఇంటి ముందు బండి ఆగి, అక్క వచ్చి పిలిచేదాకా లేవలేదు. తిరుగు దారిలోనూ పడుకుంది. మెకానిక్ ఈ విజయం తనదేనన్నాడు. గోడలకి దూది కూరితే గాలాడక నిద్ర రాలేదని తేల్చాడు. మేమూ అదే అనుకున్నాం. రోజూ మధ్యాహ్నం బండి కదిలేది, పెద్దమ్మ చెంప మీద గళ్ళు పడేవి. మొహంలో రక్తం కనిపించడం మొదలైంది. గిన్నెలో ఏం వండాలో గుర్తొచ్చేది.

అసలు సంగతి రైలు గేటు దగ్గర తెలిసింది. గేటు వేసి ఉంది. డీజిలు వృథా ఎందుకని పెదనాన్న ఇంజను ఆపాడు. గూడ్సు బండి ఒక్కొక్క పెట్టే తీరిగ్గా వెళ్తోంది. వెనక అద్దంలోంచి చూస్తే పెద్దమ్మ పడుకునే ఉంది. కదలిక లేదు, ఇంజను లేదు, అయినా నిద్రపోతోంది. ఆయనకి ఆశ్చర్యమేసింది. ముందు రేడియేటరు నుంచి ఆవిరి వస్తోందని, నీళ్ళు పోద్దామని తలుపు తీసి దిగాడు. కాలు నేల మీద పెట్టాడో లేదో, పెద్దమ్మ లేచి కూర్చుంది.

"ఏమండీ, ఎక్కడికి?"

"ఎక్కడికీ లేదు, పడుకో" అని మళ్ళీ ఎక్కి కూర్చున్నాడు. వెనక అద్దంలోంచి చూస్తే ఆవిడ కళ్ళు మూతపడ్డాయి. ఏదో అనుమానం వచ్చింది. మళ్ళీ దిగాడు. ఆవిడ లేచింది. ఎక్కాడు. పడుకుంది. గేటు ఎప్పుడో ఎత్తేశారు. వెనకవాళ్ళు హారన్లు కొట్టి కొట్టి, చివరికి ఒకాయన దిగొచ్చి, "పెద్దాయనా, ఏంటి మీ ఆట?" అని అడిగాడు.

పట్టాలు దాటాక పెదనాన్న బండిని పక్కకి ఆపి, వెనక తలుపు తీసి, ఆవిడ పక్కన కూర్చున్నాడు. నేను దిగితే నీకెలా తెలుస్తోందని అడిగాడు. తెలీదండీ అంది మొదట. తర్వాత పరుపు కుట్లు గోటితో గీస్తూ, ఒక్కొక్క మాటే చెప్పింది.

"మీ అమ్మగారు మంచాన ఉన్నప్పుడు పిలిస్తే పలకాలని వింటూ పడుకునేదాన్ని. ఆ తర్వాత పిల్లకి ఆయాసం, ఊపిరి ఆడుతోందో లేదోనని వినేదాన్ని. మీరొకసారి ఇస్త్రీపెట్టె ఆపకుండా పడుకుంటే బల్ల కాలింది కదా, అప్పట్నుంచి షాపు వైపు ఒక చెవి. ఇంట్లో ఎవరో ఒకరు వింటూ ఉండాలి కదండీ. బస్సులో డ్రైవరు పడుకోడు. ఇక నేను వినక్కర్లేదు అనిపిస్తుంది. ఇందులో తెర తీసేశాక మీ వీపు కనిపిస్తోంది. అదీ అంతే."

"మరి నన్ను లేపాల్సింది."

"మీకు మంచి నిద్ర ఉంది. ఇంట్లో ఒక్కళ్ళకైనా ఉంది కదా, అది పాడుచెయ్యడం ఎందుకని."

ఈ మాటలన్నీ పెదనాన్న ఆ సాయంత్రం మా వరండా మెట్టు మీద కూర్చుని నాకు అప్పజెప్పాడు. "ఇల్లే ఒక బండి అనుకోవే అమ్మాయ్. పెళ్ళయిన దగ్గర్నుంచీ నేను వెనక పడుకున్నాను. నడిపింది ఆవిడ. ఒక్కసారి కూడా దిగలేదు" అన్నాడు. అని, చేతిగుడ్డ కోసం జేబు తడుముకుని, దొరక్క, చొక్కా అంచుతో కళ్ళు తుడుచుకున్నాడు. ఆయన నిద్ర చూసి ఇన్నేళ్ళు ఒళ్ళు మండించుకున్న నాకు కూడా ఆ క్షణంలో ఆయన మీద జాలి కలిగింది.

ముందు ఇంట్లోనే ప్రయత్నించారు. మంచం పక్కన కుర్చీ వేసుకుని, "నేను మెలకువగా ఉంటాను, నువ్వు పడుకో" అన్నాడు. పెద్దమ్మ పాపం నమ్మడానికి ప్రయత్నించింది. కానీ మధ్యమధ్య ఒక కన్ను తెరిచి చూసేది. చూసిన ప్రతిసారీ ఆయన గడ్డం గుండెల మీద ఉండేది. ఆయన స్టీరింగు ముందు కూర్చుంటేనే ఆవిడకి నమ్మకం; బండి కదలనక్కర్లేదని రైలు గేటు దగ్గరే తెలిసింది.

కాబట్టి ఇప్పుడు బండి పెరట్లోంచి కదలదు. డీజిలు ఖర్చు లేదు. భోజనాలయ్యాక పెద్దమ్మ వెనక ఎక్కుతుంది, పెదనాన్న ముందు ఎక్కుతాడు. షాపు పనిలో చేత్తో చేసేదంతా, గుండీలు, కాజాలు, గౌన్ల అంచులు, ఆ సీట్లో కూర్చునే చేస్తాడు. మొన్న నా గౌను కోసం వెళ్ళాను. ఎండ టార్పాలిన్ మీద పడుతోంది, లోపల పెద్దమ్మ ఊపిరి పొడుగ్గా, నెమ్మదిగా వినిపిస్తోంది. బండి నిలబడే ఉన్నా, ఎక్కడికో చాలాదూరం వెళ్తున్నట్టే అనిపించింది నాకు.

పెదనాన్న మాత్రం నిద్రతో పోరాడుతున్నాడు. ఇంజను ఆగి ఉంటే భయం ఉండదు, భయం లేకపోతే ఆయనకి నిద్ర ఆగదు. రెప్పలు వాలుతున్నాయి. సీసాలో నీళ్ళు అరచేతిలో పోసుకుని మొహం తడుపుకున్నాడు. మళ్ళీ తల ముందుకి పడబోయింది. సూది బొటనవేలిలో గుచ్చుకుని, పెదవి కొరుక్కుని, నిటారుగా కూర్చున్నాడు. ఆ వేలి నిండా ఎర్రటి చుక్కలే.

కిటికీ దగ్గరికెళ్ళి, వినపడీ వినపడనట్టు అన్నాను, "పెదనాన్నా, దిగు. కాసేపు ఇంట్లో పడుకుని రా. నేను కూర్చుంటాను."

ఆయన వెనక్కి తిరిగి అద్దంలోంచి పెద్దమ్మను చూశాడు. తర్వాత నావైపు చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఇన్నేళ్ళూ ఆవిడ దిగలేదుగా. నేనెక్కి ఎన్నాళ్ళయిందని, అప్పుడే దిగడానికి?" అని, సూదిలో దారం ఎక్కించుకుని, ఇంకో కాజా మొదలుపెట్టాడు.